క్యారవాన్ సైట్ల సమగ్ర దర్శిని

రాష్ట్రంలో క్యారవాన్ల సంఖ్య ఒకటి దగ్గర నిలకడగా కొనసాగుతున్నందువల్ల, వాటికి విడిది స్థలాలు వెతకడానికి అచ్చు పుస్తకం మేలా, కంప్యూటర్ మేలా అన్న ప్రశ్నను ఇంకా వాయిదా వేయడం ప్రజాహితం కాదని సంచార గృహ ప్రోత్సాహక మండలి 2006 వేసవిలో ఏకగ్రీవంగా తీర్మానించింది. మండలి నాంపల్లిలో ఒక పాత మేడ మీద ఉండేది. అధ్యక్షులు కోదండరామయ్యగారు అంతకుముందు ప్రభుత్వంలో అనేక శాఖలకు సేవలందించారు. వారు వదిలిన ప్రతి శాఖా వారి వెనకే మూతపడింది గనుక, అంతటి అనుభవశాలి మరొకరు దొరకరని అందరూ ఒప్పుకున్నారు.

క్యారవాన్ అంటే సినిమా హీరో షాటుకీ షాటుకీ మధ్య అలిగి కూర్చునే ఏసీ బస్సు అని పాఠకులు అనుకుంటూ ఉండవచ్చు. ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు. కారు వెనక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇంటి గురించి. లోపల రెండు పడకలు, ఒక పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, కిటికీలకు కర్టెన్లు. ఎక్కడ పొద్దుపోతే అక్కడ ఆపుకుని పడుకోవచ్చు. విదేశాల్లో వీటికోసం ఊరి బయట ప్రత్యేకంగా పచ్చిక మైదానాలు పెంచుతారట. మన ఊరి బయట ఆ రోజుల్లో ఎవరూ పెంచకుండానే బోలెడంత ఖాళీ ఉండేది.

రాష్ట్రంలోని ఆ ఏకైక క్యారవాన్ యజమాని పేరు హెర్బర్ట్. నాంపల్లిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. మెదక్ మిషన్ కాంపౌండులో పుట్టాడు. తండ్రి అక్కడ దొరగారి కారు నడిపేవాడు. దొరగారు స్వదేశం వెళ్లిపోతూ కారును మిషన్‌కూ, క్యారవాన్‌ను డ్రైవరుకూ ఇచ్చి వెళ్లారు. లాగే కారు లేని ఇంటిని ఏం చేయాలో తెలియక ఆ పెద్దమనిషి అందులో కోళ్లు పెంచాడు. ఆయన పోయాక హెర్బర్ట్ దాన్ని హైదరాబాదు తెచ్చుకుని, గోకి, కడిగి, మీగడ రంగు వేయించి, అద్దెకుంటున్న నాంపల్లి కాంపౌండులో చింతచెట్టు కింద నిలబెట్టాడు. భార్య బెత్సీ కర్టెన్లు కుట్టింది. సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ ఒకటి కొన్నారు. రోజూ పొద్దున ప్రెస్సుకు వెళ్లేముందు హెర్బర్ట్ ఒకసారి క్యారవాన్ తలుపు తీసి లోపలి గాలి పీల్చి వెళ్లేవాడు. అందులో నాన్న చుట్టవాసన ఉందని ఆయన నమ్మకం. అది కోళ్ల వాసనని బెత్సీ అభిప్రాయం.

1993 ఎండాకాలం సెలవుల్లో మొదటి యాత్రకు బయలుదేరారు. బండి ఆగిన ప్రతిచోటా జనం ఆదరించారు. ఒక ఊళ్లో సర్కస్ ఎన్నింటికని అడిగారు. ఇంకో ఊళ్లో కంటి పరీక్షల బండి అనుకుని ముసలివాళ్లు బారులు తీరారు. ఎవరినీ నొప్పించలేని హెర్బర్ట్ తన వెంట ఉన్న పేపరు చదివించి, అక్షరాలు తప్పు చదివిన వాళ్లను మందలించి పంపాడు. మరో ఊళ్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల బండి వచ్చిందని పుకారు పుట్టి, మగవాళ్లంతా పొలాల వెంట పారిపోయారు. రాత్రికి ఆ ఊళ్లో ఆడవాళ్లు పెట్టిన సజ్జరొట్టెలు చాలా బాగున్నాయని బెత్సీ ఇప్పటికీ చెబుతుంది.

ఇంతా తిరిగాక హెర్బర్ట్‌కు ఒక సత్యం బోధపడింది. మన దేశంలో క్యారవాన్లు పెరగకపోవడానికి కారణం వాటిని ఎక్కడ ఆపుకోవాలో చెప్పే పుస్తకం లేకపోవడమే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని ప్రెస్సులో అందరూ నవ్వారు. హెర్బర్ట్ పట్టించుకోలేదు. శనివారాలు సెలవు పెట్టి నగరం చుట్టూ ఖాళీ జాగాలన్నీ తిరిగాడు. చెట్టు, నీరు, గాలి, దారి, ఏదీ వదలకుండా రాసుకున్నాడు. మచ్చుకు ఒకటి: 'బొల్లోనికుంట. చదునైన నేల. మూడు వేపలు, ఒక తుమ్మ. బావినీళ్లు తియ్యన. మెయిన్ రోడ్డు నుండి బండి దిగుటకు అనువు. రాత్రివేళ కప్పల సంగీతం ఉచితం. అడ్డు చెప్పువారు లేరు.'

పుస్తకం 1996లో అచ్చయింది. జీవితమంతా ఇతరుల కామాలు దిద్దినవాడు తన పుస్తకం అట్ట మీద ఒక వత్తు జారిపోయి, ఇంకో వత్తు వచ్చి చేరడం చూసుకోలేదు. దీపం కింద చీకటి అంటారు కదా. 'క్యారవాన్ సైట్లు' అని ఉండవలసిన చోట 'కార్వాన్ సైట్లు' అని పడింది.

మన నగరంలో సైటు అనే మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. కంటికి వస్తే జోడు పెట్టుకోవాలి. కాలేజీ గేటు దగ్గర కొడితే తన్నులు తినాలి. ఇప్పుడైతే కంప్యూటర్లో కూడా తెరుస్తున్నారు. కానీ కులమత భేదాలు లేకుండా అందరూ అంగీకరించిన అర్థం ఒకటే, ఇల్లు కట్టుకునే జాగా. ఇక కార్వాన్ అంటే నాంపల్లికి కూతవేటులో ఉన్న పాత బస్తీ అని రిక్షావాడిని అడిగినా చెబుతాడు. కాబట్టి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాల బజారులో, హోమియో వైద్యానికీ ఇంగ్లీషులో ఉత్తరాలు రాసే విధానానికీ మధ్య ఆ పుస్తకం కనబడగానే, అందులో కార్వాన్‌లో అమ్మకానికున్న ప్లాట్ల వివరాలు ఉన్నాయని జనం ఎగబడ్డారు. తెరిచి చూస్తే కార్వాన్‌లో ఒక్కటీ లేదు. నగరం చుట్టూ ఎవరి కన్నూ పడని ఖాళీ జాగాలన్నీ నీటి వసతితో సహా ఉన్నాయి. ఎవరూ పుస్తకం వాపసు ఇవ్వలేదు.

హెర్బర్ట్ ఉండే కాంపౌండు ఓనరు కొడుకు రత్నాకర్ అప్పుడే అబిడ్స్‌లో రియల్ ఎస్టేట్ ఆఫీసు తెరిచాడు. ఏకంగా ఒక కట్ట కొన్నాడు. అద్దెకున్న అంకుల్‌ను ప్రోత్సహించడానికే కొన్నాడని హెర్బర్ట్ కళ్లనీళ్లు పెట్టుకుని బెత్సీకి చెప్పాడు. దేశం సంచారానికి మేల్కొన్నదని ఆయనకు సందేహం లేకుండా పోయింది. స్కూటర్ల మీద దంపతులు పుస్తకం పట్టుకుని ఊరి బయటికి వెళ్లడం తన కళ్లతో చూశాడు. ఒకసారి మొజంజాహీ మార్కెట్ దగ్గర ఒక సఫారీ సూటాయన ఆపి, బొల్లోనికుంట దగ్గరిది ఇంకా ఖాళీగానే ఉందా సార్ అని ఆత్రంగా అడిగాడు.

"ఖాళీగానే ఉంటుంది బాబూ, అది ఎక్కడికి పోతుంది," అని హెర్బర్ట్ ధైర్యం చెప్పాడు.

పునర్ముద్రణలు వరసగా వచ్చాయి. అట్ట మీద వత్తు సరిదిద్దితే అమ్మకాలు పడిపోతాయని ప్రెస్సు యజమాని వద్దన్నాడు.

ఇలా ఉండగా హెర్బర్ట్ కూతురు జెర్లిన్‌కు ప్రవీణ్ కుమార్ అనే కంప్యూటర్ యువకుడితో సికింద్రాబాదు చర్చిలో పెళ్లయింది. ప్రవీణ్ అబిడ్స్‌లో ఒక సందులో ఇంటర్నెట్ సెంటరు పెట్టుకున్నాడు. మామగారి మీద గౌరవంతో ఆయన పుస్తకాన్ని మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించి క్యారవాన్ సైట్ల సైటు అని ఒకటి తయారు చేశాడు. ఇక పుస్తకం అక్కర్లేదు మామయ్యా, అన్నాడు సంతోషంగా. ఆ మాటతో ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ప్రవీణ్ సైటుకూ విపరీతమైన ఆదరణ లభించింది. అభిమాన సంఘాల వాళ్లు పగలూ రాత్రీ తెరిచి, మా హీరో క్యారవాన్ ఇవాళ ఎక్కడ ఆగింది, అందులో ఎన్ని ఏసీలు, పక్క హీరో క్యారవాన్ కంటే ఎన్ని అడుగులు పొడవు అని అడిగేవారు. జవాబు రాకపోతే బూతులు రాసేవారు. క్యారవాన్ల పట్ల యువతలో ఇంతటి ఆవేశం ఉందని ప్రవీణ్ ఊహించలేదు. భవిష్యత్తు తెర మీదే ఉందని అతనికి రూఢి అయింది.

వివాదం ఇంటి గడప దాటింది. పుస్తకం పాతబడుతుంది, అందులో చెట్టు కొట్టేస్తే దిద్దలేరని అల్లుడి పక్షం. కంప్యూటర్‌కు కరెంటు పోతే చెట్టుతో పాటు ఊరే మాయమవుతుందని మామ పక్షం. చర్చిలో పాటల బృందం రెండుగా చీలి, ఒకే కీర్తనను ఒకరు పుస్తకం చూసీ మరొకరు కంప్యూటర్ తెర చూసీ రెండు వేగాల్లో పాడారు. నాంపల్లి హోటళ్లలో చాయ్ ముందు పెట్టుకుని ఎంతోమంది విద్యావంతులు ఈ విషయమై స్నేహాలు తెంచుకున్నారు. వీరిలో ఎవరికీ క్యారవాన్ లేదు. కొందరికి సైకిలు కూడా లేదు. అయినా సిద్ధాంతం సిద్ధాంతమే.

అప్పుడు రత్నాకర్ వచ్చి, నాన్న పోయాక కాంపౌండు తన వాటాకు వచ్చిందనీ, కాంప్లెక్సు కడుతున్నాననీ మర్యాదగా చెప్పాడు. అద్దెవాళ్లకు పైఅంతస్తులో పోర్షన్లు ఇస్తాడు. క్యారవాన్ మాత్రం వచ్చే ఆదివారం లోపల తీసేయాలి. లేకపోతే పాత ఇనుము వాళ్లను పిలిపించాల్సి వస్తుంది. హెర్బర్ట్ ఆ రాత్రి అన్నం తినలేదు. తండ్రి తనకు మిగిల్చి వెళ్లిన వస్తువు అదొక్కటే. దాన్ని ముక్కలుగా కోసి తూకానికి వేస్తారన్న ఊహకే ఆయన లేచి వెళ్లి క్యారవాన్ తలుపుకు తాళం వేసి వచ్చాడు.

"జెర్లిన్ డాడీ, ఊరందరికి జాగలు సూపెట్టే బుక్కు రాసిన్రు," అంది బెత్సీ. "మన బండికి ఒక్క జాగ సూడుండ్రి. గంతే కదా."

రాష్ట్ర చరిత్రలో ఒక మనిషికి క్యారవాన్ సైటు నిజంగా అవసరం పడటం అదే మొదలు. సంచార గృహ ప్రోత్సాహక మండలి తబ్బిబ్బయింది. శనివారం నాడు క్యారవాన్‌ను నాంపల్లి నుండి బయలుదేరదీసి, పుస్తకం ప్రకారం ఒకసారీ యంత్రం ప్రకారం ఒకసారీ స్థలం వెతికించి, గెలిచిన పద్ధతికి అధికార గుర్తింపు ఇస్తామని ప్రకటించింది. ప్రవీణ్ ఇందుకోసం దారి చెప్పే యంత్రం ఒకటి సింగపూర్ నుండి తెప్పించాడు. సబ్బుపెట్టె అంత ఉంటుంది. లోపల ఒక దొరసాని ఇంగ్లీషులో కుడి ఎడమలు చెబుతుంది.

శనివారం పొద్దున పాస్టరుగారు ప్రార్థన చేశారు. పక్క గుడి పూజారి కొబ్బరికాయ కొట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కోదండరామయ్యగారు మైకు అందుకున్నారు.

"మానవుడు తొలుత నడిచాడు. తదుపరి కూర్చున్నాడు. నేడు కూర్చుని నడిచే దశకు చేరుకున్నాడు. ఈ పరిణామక్రమంలో మన నాంపల్లి వెనకబడి ఉండటానికి వీల్లేదు. ఈ ఒక్క క్యారవాన్ రేపు లక్ష క్యారవాన్లు అవుతుంది. ఎలా అవుతుందన్నది ఉపసంఘం చూసుకుంటుంది."

అంబాసిడర్‌ను హెర్బర్ట్ నడుపుతున్నాడు, ఒళ్లో పుస్తకం. పక్కన ప్రవీణ్, చేతిలో యంత్రం. వెనక సీట్లో బెత్సీ, పులిహోర డబ్బాతో. అధ్యక్షులవారు పరిశీలకుల హోదాలో వెనక క్యారవాన్‌లో పడుకున్నారు. నాంపల్లి స్టేషన్ ముందు జెండా ఊపారు. అబిడ్స్ దాకా రావడానికి ఏ పద్ధతీ అవసరం లేకపోయింది, వెనక బస్సువాళ్లే హారన్లతో నెట్టుకొచ్చారు. మొజంజాహీ మార్కెట్ చౌరస్తాలో అసలు పరీక్ష మొదలైంది. ఎడమకు తిరగమంది దొరసాని. పండ్ల బండ్ల పక్కన వేపచెట్టు దగ్గర కుడికి తిరగమంది పుస్తకం. వేపచెట్టు లేదు. ఎడమ పక్క రోడ్డు వన్ వే అయిపోయింది. దాంతో మార్కెట్ చుట్టూ ప్రదక్షిణ మొదలైంది. ప్రతి చుట్టుకూ దొరసాని వెనక్కి తిరగమని బతిమాలింది. ప్రతి చుట్టుకూ హెర్బర్ట్ ఇక్కడే ఉండాలి చెట్టు, అన్నాడు. బండి సినిమా హీరోదని ఎవరో అనడంతో కుర్రాళ్లు వెంటపడ్డారు. కిటికీలోంచి లేచి చూసిన కోదండరామయ్యగారు ఆ జనం తన కోసమే వచ్చారనుకుని చేతులు ఊపారు. కుర్రాళ్లు నిరాశతో ఈలలు వేశారు.

చివరికి బెత్సీ బండి ఆపించి, అందరికీ ఐస్‌క్రీం తినిపించింది. "గా దొరసాని మాట వద్దు, మీ బుక్కు మాట వద్దు. బస్సు ఎన్కాల పోనియ్యుండ్రి, ఎటన్న ఊరి బయటికే పోతది," అంది. ఇద్దరూ తమ పద్ధతే బస్సును అటు పంపిందని లోలోపల సమాధానపడి బయలుదేరారు.

ఊరి బయట పుస్తకం అద్భుతంగా పనిచేసింది. యంత్రం కూడా అద్భుతంగా పనిచేసింది. మొదటి పేజీలోని స్థలాన్ని రెండూ ఏకకాలంలో కనిపెట్టాయి. అక్కడ ఫంక్షన్ హాలు ఉంది. తర్వాతి దానిలో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, అందులో విద్యార్థులు తప్ప అన్నీ ఉన్నాయి. 'నీటి పక్షుల విడిది' అని రాసిన చోట డూప్లెక్స్ ఇళ్లు లేచాయి, కార్లు పక్షుల్లాగే వరసగా వాలి ఉన్నాయి. పేజీలు తిరుగుతున్న కొద్దీ హెర్బర్ట్ బండి వేగం తగ్గించాడు. ప్రవీణ్ ఎగతాళి మానేశాడు. మామయ్యా, ఇంకొకటి చూద్దాం, అని తనే ధైర్యం చెప్పసాగాడు. ఆ మధ్యాహ్నం మామా అల్లుళ్లు మళ్లీ బంధువులయ్యారు.

పొద్దు వాలేసరికి బొల్లోనికుంట చేరారు. మీరు గమ్యం చేరుకున్నారని దొరసాని ప్రకటించింది. ఎదురుగా పెద్ద కమాను. దాని మీద బంగారు రంగు అక్షరాలు: క్యారవాన్ ఎన్‌క్లేవ్, ఫేజ్ టూ. కమాను కింద ఖాకీ చొక్కా వేసుకుని ఒక వాచ్‌మన్ నిలబడ్డాడు. అతని పేరు బీరయ్య. బండిని చూడగానే చెయ్యి అడ్డం పెట్టి, ఇలాంటి బండ్లు లోపల పెట్టనియ్యరనీ, కాలనీ రూల్సులో మొదటిది అదేననీ చెప్పాడు. హెర్బర్ట్ పుస్తకం చూపించి, ఇది ఖాళీ స్థలం కదా, ఇందులో రాసి ఉంది, అన్నాడు. బీరయ్య పుస్తకాన్ని చూసి పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు.

"ఔ సార్, గీ బుక్కే. గీ బుక్కు పట్టుకొనే వచ్చిన్రు అందరు. మొదలు నా చేనే సూసిన్రు. బాయి ఏడుంది, తొవ్వ ఏడుంది, అన్ని గిండ్లనే ఉన్నయి. నాకు ఎరుక లేనియి గూడ ఉన్నయి. రాసినాయన ఎవరో గని శానా మంచిగ రాసిండు సార్."

హెర్బర్ట్‌కు ఏడుపొచ్చింది. పదేళ్లుగా ఎవరైనా తన పుస్తకం గురించి అలా చెప్పాలని ఆయన కలగన్నాడు. చెప్పినవాడు చేను పోగొట్టుకుని అదే చేనుకు కాపలా కాస్తున్నవాడు. బెత్సీ పులిహోర డబ్బా మూత పెట్టింది. కుంట ఏదని ప్రవీణ్ అడిగితే బీరయ్య స్విమ్మింగ్ పూల్ వైపు చూపించాడు. కప్పలు కూడా లేవు.

అంతలో రత్నాకర్ కారు వచ్చి ఆగింది. వెంచరు అతనిదే. ఆ మాటకొస్తే దారిలో చూసినవాటిలో చాలా భాగం అతనివే. అంకుల్, మీ పుస్తకం లేకపోతే నేనెక్కడ ఉండేవాణ్ని అని హెర్బర్ట్ చేతులు పట్టుకున్నాడు. ఆ కృతజ్ఞతలో కల్తీ లేదు. క్యారవాన్ సంగతి విని కాసేపు ఆలోచించాడు. వాచ్‌మన్‌కు రూము కట్టాలంటే ఓనర్లు చందా ఇవ్వడం లేదట. బీరయ్య, భార్య పోశవ్వ గేటు పక్కన ప్లాస్టిక్ పట్టా కింద ఉంటున్నారట. ఆ పట్టా చూసి కొనేవాళ్లు మొహం తిప్పుకుంటున్నారట. మీగడ రంగు బండి అయితే గేటుకు అందం.

హెర్బర్ట్ ఒప్పుకోవాలా వద్దా అని బెత్సీ వైపు చూశాడు. పాత ఇనుము వాళ్లు రేపు వస్తారు. ఇక తిరగడానికి పేజీలు లేవు.

"పెట్టుండ్రి జెర్లిన్ డాడీ," అంది బెత్సీ. "గిన్నేండ్లకు గండ్ల పండేటోళ్లన్న దొరికిన్రు."

చక్రాలు ఊడదీసి బండిని ఇటుకల మీద కూర్చోబెడుతుంటే హెర్బర్ట్ అటు తిరిగి నిలబడ్డాడు. పోశవ్వ లోపలికి వెళ్లి, తలుపు వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకుంది. ఇంకా లోపలే నిద్రపోతున్న కోదండరామయ్యగారిని ఆమే లేపింది. వారు మెట్టు మీద నిలబడి, గుమికూడిన వాళ్లను చూసి, అక్కడికక్కడే ఫలితం ప్రకటించారు.

"రెండు పద్ధతులూ నేడు అన్ని స్థలాలనూ పొల్లుపోకుండా కనుగొన్నాయి. ఆ స్థలాలు అక్కడ లేకపోవడం స్థలాల లోపమే తప్ప మన పద్ధతుల లోపం కాదు. కావున పుస్తకానికీ యంత్రానికీ సమానంగా గుర్తింపు ప్రసాదిస్తున్నాము."

చప్పట్లు కొట్టింది రత్నాకర్ ఒక్కడే.

ఆ తర్వాత మామా అల్లుళ్లు కలిసి సమగ్ర దర్శినిని సవరించారు. ఇప్పుడది పుస్తకంగానూ దొరుకుతుంది, తెర మీదా దొరుకుతుంది. రెండింటిలోనూ ఒకే ఒక్క స్థలం మిగిలింది, క్యారవాన్ ఎన్‌క్లేవ్ గేటు. అట్ట మీద వత్తును హెర్బర్ట్ తన చేత్తో దిద్దాడు. చివరి పేజీలో ఒక విన్నపం కూడా చేర్చాడు: చెట్టునీడ, నీటివసతి గల ఖాళీ స్థలం ఎక్కడైనా మిగిలి ఉన్నట్టు పాఠకులకు తెలిస్తే, దయచేసి ఎవరికీ చెప్పవద్దు, నాకు కూడా చెప్పవద్దు. దాని కింద ఫోన్ నంబరు ఇవ్వలేదు. అయినా నంబరు ఎలాగో సంపాదించి రోజూ ఫోన్లు చేస్తున్నారు. ఎవరికీ చెప్పొద్దన్న ఆ స్థలం ఎక్కడ సార్, గజం ఎంత అని అడుగుతున్నారు.

ఈ కథను ఇంత శ్రద్ధగా చివరిదాకా చదివిన తమరు అలాంటివారు కారని మాకు తెలుసు. తమరి మనసులో ఉన్నది వేరే ప్రశ్న. ఆ ఫేజ్ టూలో ఇంకా ఏమైనా మిగిలాయా అని. మిగిలాయి. ఈస్ట్ ఫేసింగ్ మాత్రం అయిపోయాయి.